నడుమ భద్రమ్మ

ఆ రోజు పొద్దున బాలస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, ఆఫీసుకు వెళ్లి మిషన్‌లో ఒక సెట్టింగ్ మార్చాలి, ఇంటికొచ్చి డాబా ఎక్కి ఫోన్‌లో ఒక చోట వేలు పెట్టి నొక్కాలి. టిఫిన్ వేళకు జాఫర్ ప్రయాణం మానుకుంటాడు. సాయంత్రం ఇద్దరూ కలిసి టీ తాగుతారు. ఇందులో చెడిపోవడానికి ఏముందో ఎంత ఆలోచించినా అతనికి తట్టలేదు. అయితే అతను ఆలోచించింది కూడా అంత ఎక్కువేమీ కాదు.

హాలియాలో ఇంటర్నెట్ పెట్టించుకున్న వాళ్లెవరికీ బాలస్వామి, జాఫర్‌ల పేర్లు విడివిడిగా తెలియవు. కేబుల్ టీవీ రోజుల నుంచీ ఇద్దరూ భాగస్తులు. స్తంభాలెక్కి వైరు లాగడం, ఊళ్లోవాళ్ల తిట్లు తినడం బాలస్వామి పని. కంట్రోల్ రూంలో కూర్చుని మిషన్లు చూసుకోవడం జాఫర్ పని. కేబుల్ పోయి ఫైబర్ వచ్చినా ఆ పంపకం మారలేదు. ఒకటే గది, ఎదురెదురుగా రెండు బల్లలు. ఆ రెండు బల్లల మధ్య ఆరేళ్లుగా ఒక్క మాట కూడా నేరుగా నడవలేదు.

మాటలన్నీ భద్రమ్మ మోసేది. ఆఫీసు ఊడ్చేదీ, టీ పెట్టేదీ, ఫోన్లు ఎత్తేదీ ఆమే. "భద్రమ్మా, పెద్దవూర రోడ్డు మీద లైన్ తెగిందని ఆయనకు చెప్పు" అని జాఫర్ అనేవాడు. ఆ మాట చెవిన స్పష్టంగా పడ్డా బాలస్వామి కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. భద్రమ్మ చీపురు పక్కన పెట్టి, అతని బల్ల దాకా నడిచొచ్చి చెప్పాకే లైన్ తెగిన సంగతి అతనికి తెలిసేది. "పోతున్న అని చెప్పు" అనేవాడు. ఆమె మళ్లీ వెనక్కి నడిచేది. ఊళ్లో లైన్ బాగుపడటం ఆలస్యమవుతోందంటే అందులో కొంత భద్రమ్మ మోకాళ్ల నొప్పి కూడా ఉంది.

ఆమె ఒక మాట కలిపేది కాదు, ఒక మాట తీసేది కాదు. మొదట్లో ఒకసారి బజారులో నలుగురి ముందు జాఫర్ మాటేదో చెప్పబోతే బాలస్వామి కసిరాడు. అప్పటి నుంచి "అన్నా, ఒక మాట ఉన్నది, చెప్పాల్నా?" అని ముందు అడిగేది. "చెప్పు" అంటేనే నోరు విప్పేది. అనకపోతే ఆ మాట ఆమె దగ్గరే భద్రంగా ఉండిపోయేది.

విచిత్రమేమిటంటే, వాళ్లు నడిపే ఫైబర్ తీరు కూడా ఇదే. కంట్రోల్ రూం నుంచి వచ్చిన ఒక్క తీగ గల్లీ మొదట్లో స్తంభం మీది డబ్బాలో చీలి అన్ని ఇళ్లకూ పోతుంది. ఇంటికొక పెట్టె ఉంటుంది. ఆ పెట్టెలన్నీ కంట్రోల్ రూంతో మాట్లాడేవే తప్ప ఒకదానితో ఒకటి మాట్లాడవు. గోడ అవతలి ఇంటికి చేరాల్సిన మాటైనా కంట్రోల్ రూం దాకా పోవాలి. అక్కడి పెద్ద మిషన్ సరేనంటేనే తిరిగి గల్లీకి రావాలి. సరేననొద్దని ఆ మిషన్‌కు నేర్పి పెట్టింది జాఫరే. "ఇంటికీ ఇంటికీ నడుమ దారి పెడితే ఒకరి గోస ఇంకొకరి ఇంట్ల పడ్తది" అని, ఫైబర్ వేయాలని అనుకుంటున్న రోజుల్లోనే, ఇద్దరికీ ఇంకా మాటలున్నప్పుడు చెప్పాడు.

మాటలు పోయింది జాఫర్ కూతురు మెహ్రీన్ పెళ్లినాడు. "నాకు తోడబుట్టినోళ్లు లేరు, బిడ్డను సాగనంపేటప్పుడు నువ్వు నా పక్కన ఉండాలె" అని జాఫర్ నెల ముందు నుంచే చెప్పి పెట్టుకున్నాడు. ఆ రోజే గాలివాన వచ్చి సాగర్ రోడ్డు మీద కేబుల్ తెగింది. టీవీలో క్రికెట్ మ్యాచ్ ఉంది. ఊరంతా ఫోన్లు చేసింది. ఒక్క ముడి వేసి పోదామని స్తంభమెక్కిన బాలస్వామి, దిగి ఫంక్షన్ హాలుకు చేరేసరికి పెళ్లికూతురి కారు వెళ్లిపోయింది. చేతులకు గ్రీజుతో గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి జాఫర్ కోప్పడలేదు. గిన్నెలు సర్దుతున్న భద్రమ్మ వైపు తిరిగి, "భద్రమ్మా, ఆయనకు చెప్పు. అన్నం ఉన్నది, తినుమను" అన్నాడు. అదే మొదలు.

ఇప్పుడు జాఫర్ ఊరు విడిచి పోతున్నాడు. మహబూబ్‌నగర్‌లో, అదే పాలమూరులో, కూతురికి ఉద్యోగం, మనుమరాలిని చూసుకోవడానికి భార్య జాహేదా ముందే వెళ్లింది. తను పోయే ముందు జాఫర్ వారమంతా కూర్చుని మిషన్ల సంగతులన్నీ బాలస్వామికి నేర్పి పెట్టాడు, అదీ భద్రమ్మ నోటి గుండానే. పాస్‌వర్డ్ కూడా ఆమే మోసింది. అక్షరం అక్షరం చెబుతూ ఆమె రెండు బల్లల మధ్య తిరుగుతుంటే బాలస్వామికి ఏడుపు వచ్చినంత పనైంది. మిషన్ల కోసం కాదు. ఎదుటి బల్ల దగ్గర ఆ మనిషి తల వంచుకుని కూర్చుని ఉంటాడన్న ధీమాతోనే తను రోజూ ఆఫీసుకు వస్తున్నాడని అతనికి అప్పుడు అర్థమైంది. లోకంలో అతనికున్న స్నేహితుడు ఒక్కడే. ఆ ఒక్కడితోనూ మాటల్లేవు.

ఆపాలి. కానీ ఎలా? "పోకు" అనే మాట భద్రమ్మతో పంపితే, పెద్దవూర లైన్ కబురు లాగే అదీ పోయి వస్తుంది. ఫోన్ చేస్తే జాఫర్ ఎత్తడని అతని నమ్మకం, ఎన్నడూ చేసి చూడకపోయినా. గుమ్మం ముందు నిలబడితే "ఆయనను పొమ్మను" అంటాడేమోనని భయం. జాఫర్ ఇల్లు బాలస్వామి ఇంటి వెనక గోడకు ఆనుకునే, ఆ గల్లీ లైన్ మీదే ఉంది. రోజూ పొద్దున టీ గ్లాసు పట్టుకుని టీవీలో వార్తలు చూడటం జాఫర్ అలవాటు. టీవీలో మనిషి కనబడితే ఎవరూ "ఆయనకు చెప్పు" అనలేరు. ఫోన్‌లోని వీడియోను ఇంట్లో టీవీ మీద వేసుకోవడం బాలస్వామికి వచ్చు. మిషన్‌లో జాఫర్ ఇళ్ల మధ్య పెట్టిన ఆ అడ్డు తీసేస్తే గోడ అవతలి టీవీ మీద కూడా వేయవచ్చు. పథకం అదీ.

తెల్లవారుతూనే డాబా మీద నిలబడి వీడియో తీసుకున్నాడు. "జాఫర్ భాయ్" అని మొదలుపెట్టబోతే మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయింది. ఆరేళ్లుగా ఆ పేరు పలకలేదు మరి. రెండోసారీ అంతే. చివరికి పేరు వదిలేశాడు. తన మొఖం కనబడుతుంటే ఎవరికి చెబుతున్నాడో ఆ మాత్రం తెలియదా అనుకున్నాడు. ఆ ఒక్క పేరు కష్టపడి పలికి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఆఫీసులో మిషన్ ముందు కూర్చుని తన గల్లీ లైన్‌కు ఉన్న అడ్డు తీసేశాడు. నిజంగానే మార్చమంటారా అని మిషన్ అడిగింది. ఆ రోజు మొత్తంలో అతన్ని ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. మార్చమన్నాడు. లేచేసరికి భద్రమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అన్నా, ఒక మాట ఉన్నది, చెప్పాల్నా?"

"వద్దు భద్రమ్మా. ఇయ్యాల్టి సంది నడుమ మనిషి లేదు. ఏదున్నా నేనే చెప్త, నేనే వింట."

భద్రమ్మ "గట్లనే కానీ అన్నా" అని గ్లాసులు కడగడానికి వెళ్లింది. ఆమె మొఖంలో ఏదో తొందర ఉన్నట్టు బాలస్వామికి అనిపించింది గానీ, తన తొందరలో పట్టించుకోలేదు.

డాబా ఎక్కి ఫోన్ తీస్తే తెర మీద ఫోన్ వీడియో అందుకునే టీవీలు మూడు కనిపించాయి. హాలు టీవీ, హాలు టీవీ, హాలు టీవీ. బాలస్వామికి తన చేతిరాతను చూసినట్టే ఉంది. గల్లీలో ఎవరు టీవీ కొన్నా బిగించింది అతనే. దీనికి ఏం పేరు పెట్టమంటారని తెర మీద అడిగినప్పుడల్లా ఒకటే పేరు కొట్టి నిచ్చెన భుజానేసుకుని పోయాడు. ఇళ్ల మధ్య అడ్డు ఉన్నన్నాళ్లూ ఎవరి హాలు టీవీ వాళ్లకే కనబడింది. ఇప్పుడు జాఫర్‌ది ఏదో తెలిసే దారి లేదు.

పైనున్నది నొక్కి, వెనక గోడ అవతలి కిటికీ వైపు చూశాడు. కిటికీ మూసే ఉంది. ఇంతలో అతని గొంతు అతని కాళ్ల కిందనే, ఇంటి హాల్లోంచి వినబడింది.

"నువ్వు పోతున్నవని ఎరుకైంది. ఆరేండ్ల సంది నీతోని సక్కగ ఒక్క మాట మాట్లాడలే. తప్పు నాదే. ఇన్ని దినాలు నేను ఎల్లదీసిన అంటే నువ్వు ఈడ ఉన్నవన్న ధైర్యంతోనే. పోకు. నువ్వు పోతే నాకు దిక్కు తోచది."

కింద బీరకాయ కోస్తున్న అతని భార్య భాగ్యశ్రీ కత్తిపీట మీదనే ఆగిపోయింది. ఆమె ఆ రోజే మోత్కూర్‌లో తల్లిగారింట్లో పది రోజులు ఉండి రావడానికి బ్యాగు సర్దుకుంది. జాఫర్‌తో మాటలు పోయినప్పటి నుంచి ఇంట్లో కూడా బాలస్వామికి మాటలు తక్కువే. అన్నం పెడితే తినేవాడు, అడిగితే ఊఁ అనేవాడు. ఇక తనకు రాసిపెట్టింది ఇంతేనని ఆమె ఎప్పుడో సర్దుకుంది. అలాంటి మనిషి, తల దువ్వుకుని, కళ్లల్లో నీళ్లతో టీవీలోకి వచ్చి పోకు అంటున్నాడు.

మెట్లెక్కి పైకొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గీ మాట చెప్పనీకి టీవీల రావాల్నా? పక్కకొచ్చి చెప్తే విననా?" అంది.

బాలస్వామి ఫోన్‌ను వెనక్కి దాచుకున్నాడు. పెళ్లయిన కొత్తలో ఎప్పుడో చూసిన మొఖం అది. నీకు కాదు అని చెప్పడానికి మనిషన్నవాడికి నోరు రాదు. అతను ఏమీ అనకపోవడాన్ని ఆమె సిగ్గనుకుంది. మోత్కూర్ పోనని అమ్మకు చెబుతానంది, నాటుకోడి కోయిస్తానంది, కిందికి దిగుతూ వెనక్కి చూసి నవ్వింది కూడా. అక్కడితో ఆగిపోయి ఉంటే ఒక మనిషైనా ఆ రోజు సంతోషంగా పడుకునేది. కానీ జాఫర్ ప్రయాణం మీద ఉన్నాడు. బాలస్వామి రెండో హాలు టీవీ నొక్కాడు.

అది ఎదురింటి లక్ష్మీనర్సమ్మ ఇంట్లో కిరాయికుంటున్న సుమన టీచరుది. ఆరేళ్లుగా అక్కడి బడిలో పనిచేసి, నల్గొండకు బదిలీ వచ్చి, ఆమె ఒంటరిగా సామాను కట్టుకుంటోంది. కట్టడంలో సాయం చేస్తానని వచ్చిన ఇంటావిడ లక్ష్మీనర్సమ్మ మంచం మీద కూర్చుని సీరియల్ చూస్తోంది. సీరియల్ ఆగి బాలస్వామి వచ్చాడు. నువ్వు పోతున్నవని ఎరుకైంది అన్నాడు. పోకు అన్నాడు. లక్ష్మీనర్సమ్మ చేతిలోని స్టీలు గ్లాసు కింద పడిన చప్పుడు డాబా మీద దాకా వినిపించింది. పెళ్లాం ఉన్న మనిషి టీచరమ్మను అలా అడగడం ఒక ఎత్తు, నువ్వు అని అడగడం ఇంకొక ఎత్తు అని ఆమె తర్వాత గల్లీలో చాలామందికి చెప్పింది.

వెనక కిటికీ ఇంకా మూసే ఉంది. అయితే మిగిలిన ఆ ఒక్కటే జాఫర్‌దన్నమాట అని లెక్క తేలినందుకు సంబరపడుతూ బాలస్వామి మూడోది నొక్కాడు.

మూడోది మాజీ వార్డు మెంబరు మైసయ్యది. మైసయ్య ఆ మధ్యాహ్నమే గుట్టుచప్పుడు కాకుండా నల్గొండ వెళ్లి పార్టీ మారబోతున్నాడు. ఆ సంగతి ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే టీవీ దానంతటదే వెలిగి, నువ్వు పోతున్నవని ఎరుకైంది అంది. మైసయ్య కుర్చీలో కూలబడ్డాడు.

పని పూర్తయిందనుకున్న బాలస్వామి కిందికి దిగి, మొఖం కడుక్కుని, మళ్లీ తల దువ్వుకుని, ఇంటి ముందు గేటు దగ్గర నిలబడ్డాడు. గల్లీ మలుపు తిరిగి జాఫర్ వస్తే ఏమనాలో మనసులో అనుకుంటున్నాడు. మలుపు తిరిగి భద్రమ్మ వచ్చింది. ఆమె ఆయాసపడుతోంది.

"అన్నా, పొద్దుగాలటి మాట జర..."

"ఆగు భద్రమ్మా. ఆయనే వస్తడు."

"ఆయన రాడన్నా."

"వస్తడు సూడు."

చెప్పు అనందే చెప్పడం భద్రమ్మ పద్ధతి కాదు. గడప పక్కన అరుగు మీద కూర్చుని కొంగుతో విసురుకుంది, మాటిమాటికీ రోడ్డు వైపు చూసింది.

వచ్చింది లక్ష్మీనర్సమ్మ. అతని వైపు కన్నెత్తి చూడకుండా తిన్నగా లోపలికి పోయి, కోడి కూరకు ఉల్లిగడ్డలు కోస్తున్న భాగ్యశ్రీ పక్కన కూర్చుంది. ఆమె ఏం చెప్పిందో బయటికి వినబడలేదు గానీ ఉల్లిగడ్డ కోసే చప్పుడు ఆగింది. ఆమె వెనకే సుమన వచ్చింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. గేటు ఇవతలే నిలబడి, తల ఎత్తకుండా అడిగింది.

"అన్నా, ఆరేండ్లు ఈ గల్లీల తల వంచుకుని నడిచిన. పోయే దినం నాడు నాకు గీ పేరెందుకు తెచ్చినవు?"

బాలస్వామి తలెత్తి ఎదురింటి కిటికీ వైపు చూశాడు. తను పంపిన మాట ఎక్కడెక్కడ పడిందో అప్పుడు అర్థమవడం మొదలైంది. నోరు విప్పేలోపే తెల్ల చొక్కాలో మైసయ్య వచ్చాడు. అతను సుమనను దాటుకుని వచ్చి బాలస్వామి చెయ్యి పట్టుకుని గుసగుసగా మాట్లాడాననుకున్నాడు. ఏళ్ల తరబడి మైకుల్లో మాట్లాడిన గొంతు అది. నేను పార్టీ మారుతున్నట్టు నీకెవరు చెప్పారు, ఇంకా కండువా కూడా కప్పుకోలేదే అని అతను గుసగుసలాడిన మాట గల్లీ చివర ఇస్త్రీ బండి దాకా పోయింది. ఇస్త్రీ చేస్తున్నవాడు మైసయ్య పాత పార్టీ కార్యకర్త. అతను బొగ్గు పెట్టె పక్కన పెట్టి ఫోన్ తీశాడు.

ఒక్కొక్కరే జనం చేరారు. బాలస్వామి బతిమాలింది తననని మైసయ్య అంటాడు, లక్ష్మీనర్సమ్మ టీచరమ్మను బతిమాలాడంటుంది. భాగ్యశ్రీ గడపలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఉల్లిగడ్డ అలాగే ఉంది. ఆమె ఎవరినీ చూడలేదు, భర్తనే చూసింది.

"నాకు చెప్పిన మాటనే అందరికి చెప్పినవట. అసలు ఎవరికి చెప్పినవు?"

బయటపడే దారి బాలస్వామికి కళ్ల ముందే కనిపించింది. నీకే అంటే చాలు. భార్యకు చెప్పబోయిన మాట మిషన్ తప్పుతో ఇంకో రెండిళ్లలో పడిందంటే, సుమన మీద పడిన మాట తుడిచిపెట్టుకుపోతుంది, మైసయ్య నల్గొండ బస్సెక్కుతాడు, గల్లీ అంతా నవ్వుకుని ఇళ్లకు పోతుంది. భాగ్యశ్రీ కళ్లు కూడా ఆ మాటే అడుగుతున్నాయి. అబద్ధమైనా ఫరవాలేదు అన్నట్టు చూస్తున్నాయి. కానీ నలుగురి ముందు ఆ మాట భార్యకని చెప్పాక, అదే మాట మళ్లీ జాఫర్‌కు ఏ మొఖంతో చెబుతాడు? జాఫర్ పోతాడు. ఆ ఒక్క భయంతో నిజం చెప్పేశాడు.

"జాఫర్‌కు."

ఆరేళ్ల తర్వాత ఆ పేరు అతని నోట వచ్చింది. పొద్దున రావాల్సింది, ఇప్పుడు వచ్చింది. సుమన తల ఎత్తి ఊపిరి పీల్చుకుంది. మైసయ్య చేతి పట్టు వదిలాడు, ఆ తర్వాత ఇస్త్రీ బండి వైపు చూసి మొఖం తుడుచుకున్నాడు. భాగ్యశ్రీ మాత్రం చేతిలోని ఉల్లిగడ్డను ఒకసారి చూసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఏడవలేదు. కేకలేస్తే బాగుండునని బాలస్వామికి అనిపించింది.

ఇంత చేసినందుకు కనీసం జాఫర్ అయినా దక్కాలి. "మరి ఆయన చూసిండో లేదో" అని వెనక గోడ వైపు అడుగు వేశాడు.

"ఏం చూస్తడన్నా?" అంది అరుగు మీది భద్రమ్మ. "టీవీ నిన్ననే దుప్పట్ల సుట్టినం. ఆయన తెల్లారంగనే సామాను ఆటోల ఏసుకొని బస్‌స్టాండుకు పోయిండు."

బాలస్వామి ఆమె వైపు తిరిగాడు. పొద్దుటి నుంచి ఆ మనిషి తన వెంట ఎందుకు తిరుగుతోందో అప్పటికి గానీ అడగాలనిపించలేదు.

"ఏమన్న చెప్పుమన్నడా?"

"చెప్పాల్నా?"

"చెప్పు."

భద్రమ్మ అరుగు దిగి, అతని ఎదురుగా నిలబడి, ఒక మాట కలపకుండా, ఒక మాట తీయకుండా అప్పజెప్పింది.

"ఆయనకు చెప్పు. దేవరకొండ మీదికెల్లి పాలమూరు పోయే బస్సు వచ్చేదాక నేను బస్‌స్టాండుల కూసుంట. ఆయన తన నోటితోని ఒక్కసారి ఉండుమంటే సామాను మల్ల దింపుత."

గల్లీ నుంచి బస్‌స్టాండుకు పెద్ద దూరమేమీ లేదు. బాలస్వామి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు, వెనకే భద్రమ్మ మోకాళ్లు పట్టుకుని నడిచింది. బస్‌స్టాండులో నాగార్జునసాగర్ బస్సు నిలబడి ఉంది, మిర్యాలగూడ బస్సు నిలబడి ఉంది. పాలమూరు బస్సు ఇప్పుడే పోయిందని అరటిపళ్ల బండి ఆమె చెప్పింది. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన బస్సు కదిలేదాకా మెట్టు మీదనే నిలబడి రోడ్డు చూశాడని కూడా, ఎవరూ అడగకపోయినా, చెప్పింది.

ఇక దాచుకోవడానికి పరువేమీ మిగల్లేదు కాబట్టి బాలస్వామి ఫోన్ తీసి ఆ నంబరు నొక్కాడు. మొదటి రింగుకే ఎత్తారు. అవతల ఇంజను చప్పుడు, ఎవరిదో పిల్ల ఏడుపు.

"సీటు దొరికిందా?" అన్నాడు బాలస్వామి చివరికి.

"కిటికీ పక్కకు దొరికింది."

"నువ్వు ఫోన్ ఎత్తవనుకున్న."

"నువ్వు చెయ్యవనుకున్న" అన్నాడు జాఫర్. ఆ వెంటనే అడిగాడు. "భద్రమ్మ చెప్పలేదా?"

"చెప్తనన్నది. నేనే విన్లే."

అవతల నిట్టూర్పు వినబడింది. బస్సు ఎక్కానని మెహ్రీన్‌కు ఫోన్ చేసి చెప్పేశానని, తాతయ్య వస్తున్నాడని మనుమరాలు ఇఫ్రా అప్పుడే కొత్త గౌను వేసుకుని బస్‌స్టాండుకు పోదామని మారాం చేస్తోందట అని జాఫర్ చెప్పాడు. ఇప్పుడు దిగుతానంటే పసిదాని మనసు విరుగుతుందన్నాడు. అది నిజమే. ఉండు అనే మాట బాలస్వామి నాలుక చివర దాకా వచ్చింది. పొద్దుటి నుంచి మూడిళ్లలో తిరిగి తిరిగి ఆ మాట పలచనైపోయినట్టు అనిపించింది. "పైలం, సూసుకొని పో" అన్నాడు. జాఫర్ ఏదో అనబోయాడు. బస్సు ఊరు దాటింది కాబోలు, సగం మాటలో ఫోన్ తెగిపోయింది. సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తి బాలస్వామి ఎండలో చాలాసేపు నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆఫీసులో ఆగి, మిషన్‌లో తీసేసిన అడ్డును మళ్లీ పెట్టాడు. ఎదుటి బల్ల ఖాళీగా ఉంది, దాని మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఒకటి మిగిలింది. భద్రమ్మ గుడ్డ తీసుకుని తుడవబోతే వద్దన్నాడు.

ఇంటికి వచ్చేసరికి గల్లీ ఖాళీ అయింది. సుమన సామాను డీసీఎం లారీలో ఎక్కుతోంది. అతన్ని చూసి ఆమె "దొరికిండా అన్నా?" అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. "అయ్యో" అంది ఆమె. అంత మాట పడ్డ మనిషి అతని కోసం నొచ్చుకోవడం అతనికి అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది.

హాల్లో టీవీకి కరెంటు తీసేసి ఉంది. మోత్కూర్ బ్యాగు మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చింది. నాటుకోడి కూర మాత్రం మొదలుపెట్టింది కాబట్టి పూర్తయినట్టుంది, ఇల్లంతా వాసన వస్తోంది. బాలస్వామి గడపలో నిలబడి "భాగ్యా" అన్నాడు. పొద్దున వీడియోలో చెప్పిన ఆ మాటల్లో ఒక్కటి కూడా ఆమె విషయంలో అబద్ధం కాదని, ఆరేళ్లు సక్కగా మాట్లాడనిది ఆమెతో కూడానని అతనికి ఆ క్షణానే తోచింది. చెప్పి ఉంటే ఏమయ్యేదో గానీ, చెప్పడానికి ముందు కొంచెం ఊపిరి తీసుకున్నాడు.

ఆ లోపే భాగ్యశ్రీ కంచం పీట మీద పెట్టి, భర్త భుజం మీదుగా, అతని వెంట వచ్చి అరుగు దగ్గర నిలబడ్డ భద్రమ్మ వైపు చూసింది.

"భద్రమ్మా, ఆయనకు చెప్పు. అన్నం ఉన్నది, తినుమను."

భద్రమ్మ గడప దాటి అతని ఎదురుగా వచ్చి నిలబడి, "అన్నా, ఒక మాట ఉన్నది, చెప్పాల్నా?" అని అడిగింది.